సిగ్మా 70 హోలోఎంజైమ్ కిట్: ఫేజ్ ప్రోటీన్లతో మూడు నెలలు వాడిన తర్వాత

ఎంజైమ్‌కు ఐదు నక్షత్రాలు, దాంతో వచ్చిన సూచనల కాగితానికి రెండు. ఈ కిట్ కొనాలా వద్దా అని అడిగినవాళ్లకు నేను చెబుతున్నది ఒకటే. నిశ్చింతగా కొనండి, కానీ ఫేజ్‌ల, అంటే బాక్టీరియాను పట్టే వైరస్‌ల, ప్రోటీన్లను పరీక్షించేటప్పుడు ఆ కాగితంలో రాసిన కలిపే వరుసను మాత్రం పాటించకండి. దాన్ని నమ్మి నేను ఐదు వారాలు పోగొట్టుకున్నాను. మీకు ఆ నష్టం రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఇలాంటి కిట్ ఎవరు అమ్మినా వాళ్లను ఏం అడగాలో కింద రాసినదాంట్లో తెలుస్తుంది.

పెట్టెలో ఉండేది ఈ.కోలై బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, అంటే డీఎన్‌ఏను చదివి ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్. ఎక్కడ చదవడం మొదలుపెట్టాలో దానికి చూపించే సిగ్మా 70 ప్రోటీన్‌ను ముందే కలిపి, వాడకానికి సిద్ధంగా ఇస్తారు (సిగ్మా కలిసినది హోలోఎంజైమ్, సిగ్మా లేనిది కోర్ ఎంజైమ్). దాంతోపాటు బఫర్, నాలుగు ఎన్‌టీపీల (ఆర్‌ఎన్‌ఏ అక్షరాలకు ముడిసరుకు) మిశ్రమం, కంట్రోల్ డీఎన్‌ఏ, ఒక రంగు, ఇంకో చిన్న ట్యూబులో టీ7 అనే ఫేజ్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. కంట్రోల్ డీఎన్‌ఏ నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ చివర బ్రోకలీ అనే ఆప్టమర్, రంగును పట్టుకునే ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క, ఉంటుంది. అది సరిగ్గా ముడుచుకుంటే రంగు అణువు వెళ్లి అందులో కూర్చుని ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆర్‌ఎన్‌ఏ ఎంత తయారైతే అంత వెలుగు. ప్లేట్ రీడర్‌లో పెట్టి నిమిషానికోసారి చదివిస్తే గీత మన కళ్ల ముందే లేస్తుంది. రేడియోధార్మిక ఫాస్ఫరస్, జెల్, ఫిల్ము, రాత్రంతా ఎదురుచూపు ఏవీ అక్కర్లేదు. ఇన్నేళ్లు జెల్‌లతో కుస్తీ పట్టిన నాకు ఆ గీత లేవడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

మేం దీన్ని కొన్నది మందుల స్క్రీనింగ్ కోసం కాదు. ఫేజ్‌లు లోపలికి వెళ్లగానే హోస్ట్ (అవి పట్టిన బాక్టీరియా) జన్యువుల ట్రాన్స్‌క్రిప్షన్‌ను, అంటే డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని, ఎలా ఆపుతాయో చూడాలన్నది మా పని. అందుకు రెండు ప్రోటీన్లు ఎంచుకున్నాం. ఒకటి టీ7 ఫేజ్‌కు చెందిన జీపీ2, రెండోది టీ4 ఫేజ్‌కు చెందిన ఆసియా. (పేరు అలాగే పలుకుతాం, ఖండంతో సంబంధం లేదు. యాంటీ సిగ్మా అన్న మాట నుంచి వచ్చింది.) రెండూ చిన్నవే. జీపీ2లో 64 అమైనో ఆమ్లాలు, ఆసియాలో 90. అవి ఆపాల్సిన యంత్రం మాత్రం దాదాపు 450 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలత) భారీకాయం. ఏడు కిలోడాల్టన్ల జీపీ2 అంత పెద్ద ఎంజైమ్‌ను ఎలా ఆపగలదన్న ప్రశ్నే నన్ను ఈ రంగంలోకి లాగింది. ఇప్పటికీ ఆ ప్రశ్న నాకు పాతబడలేదు.

ముందు జీపీ2 సంగతి. టీ7 తన డీఎన్‌ఏను కణంలోకి దించగానే, మొదట ఈ.కోలై పాలిమరేజ్‌తోనే తన తొలి జన్యువులను చదివించుకుంటుంది. వాటిలో ఒకటి టీ7 సొంత పాలిమరేజ్. ఒకే గొలుసు, 883 అమైనో ఆమ్లాలు, సిగ్మాతో పనిలేదు. అది తయారయ్యాక హోస్ట్ ఎంజైమ్‌తో అవసరం తీరిపోతుంది. అవసరం తీరడమే కాదు, అడ్డం కూడా అవుతుంది. హోస్ట్ ఎంజైమ్ సెకనుకు సుమారు 40 నుంచి 50 అక్షరాలు చదివితే టీ7ది 200కు పైగా చదువుతుంది. ఒకే దారిలో ముందు నెమ్మదిగా వెళ్లేది ఉంటే వెనక వచ్చేదానికి దారేది? అందుకే టీ7 రెండు విధాలుగా జాగ్రత్తపడుతుంది. 0.7 అనే జన్యువు నుంచి వచ్చే కైనేజ్ హోస్ట్ పాలిమరేజ్‌కు ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. జీపీ2 నేరుగా వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. జీపీ2 లేని టీ7 మామూలు ఈ.కోలైలో పిల్ల ఫేజ్‌లను పుట్టించలేదు. 30 డిగ్రీల దగ్గర సుమారు 25 నిమిషాల్లో కణాన్ని పగలగొట్టి బయటికి వచ్చే ఫేజ్‌కు ఆ 64 అమైనో ఆమ్లాలు అంత ముఖ్యం.

జీపీ2 పట్టుకునే చోటు పాలిమరేజ్‌లో బీటా ప్రైమ్ అనే సబ్‌యూనిట్ (ఎంజైమ్‌లో ఒక భాగం) దవడ. పాలిమరేజ్ ఆకారం పీత డెక్కలా ఉంటుంది. ఆ డెక్క మధ్య కాలువలోకి డీఎన్‌ఏ జారి, రెండు పోగులూ విడిపోతేనే పని మొదలు. డీఎన్‌ఏ రానప్పుడు ఆ కాలువలో సిగ్మా 70 మొదటి భాగం, 1.1 అనే ముక్క, కూర్చుని ఉంటుంది. డీఎన్‌ఏ రాగానే అది పక్కకు తప్పుకోవాలి. జీపీ2 దవడ దగ్గర చేరి, ఆ ముక్కను తప్పుకోనివ్వకుండా లోపలే నిలిపేస్తుంది. హోస్ట్ సొంత భాగాన్నే దాని తలుపుకు గడియగా వాడుకుంటుందన్నమాట.

ఇక్కడే కాగితంతో మొదటి ఇబ్బంది వచ్చింది. అందులో వరుస ఇలా ఉంది: ఎంజైమ్, టెంప్లేట్ (ఎంజైమ్ చదివే డీఎన్‌ఏ) కలిపి 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచండి, తర్వాత పరీక్షించాల్సిన పదార్థం, ఆ వెంటనే ఎన్‌టీపీలు. రిఫాంపిసిన్ లాంటి మందుకు అది సరిపోతుంది. అది బీటా సబ్‌యూనిట్‌లో కూర్చుని ఆర్‌ఎన్‌ఏ రెండు మూడు అక్షరాలు దాటకుండా అడ్డుకుంటుంది కాబట్టి, డీఎన్‌ఏ లోపలికి వచ్చాక కూడా పనిచేస్తుంది. జీపీ2 అలా కాదు. పది నిమిషాల్లో డీఎన్‌ఏ కాలువలోకి దిగి, పోగులు విడిపోయి, ఓపెన్ కాంప్లెక్స్ గట్టిగా కుదిరిపోతుంది. జీపీ2 కూర్చోవాల్సిన చోటు అప్పటికే డీఎన్‌ఏ చేతిలో ఉంటుంది. మా గీత మొదట మామూలుగా లేచి, తర్వాత మెల్లగా చదునైంది. ఎంజైమ్ ఒక విడత పూర్తిచేసి బయటికి వచ్చాకే జీపీ2కు దొరికిందని తర్వాత అర్థమైంది. ఆ రోజు మాత్రం నోట్‌బుక్‌లో "బలహీనమైన నిరోధకం" అని రాసేశాను. ఆ మాట ఇంకా అక్కడే ఉంది, పైన ఎర్ర గీతతో.

వరుస మార్చాం. ముందు ఎంజైమ్, జీపీ2 కలిపి ఐదు నిమిషాలు, తర్వాత టెంప్లేట్, చివర ఎన్‌టీపీలు. ఎంజైమ్ 20 నానోమోలార్, జీపీ2 దానికి పదింతలు. గీత లేవలేదు. మొదటి నిమిషం నుంచి చివరిదాకా నేలబారుగా ఉండిపోయింది. ప్రోటీన్ అదే, ఎంజైమ్ అదే, మారింది వరుస ఒక్కటే.

కాబట్టి ఈ కిట్ కొనేవాళ్లకు నా మొదటి మనవి: మీ ప్రోటీన్‌ను ప్రతిసారీ రెండు వరుసల్లోనూ పరీక్షించండి. డీఎన్‌ఏకు ముందు కలిపితే ఏమవుతుంది, తర్వాత కలిపితే ఏమవుతుంది అన్న తేడాలోనే అది ఏ మెట్టు దగ్గర అడ్డుపడుతోందో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు గురించి. అది ఆ చిన్న టీ7 పాలిమరేజ్ ట్యూబు. మొదట చూసినప్పుడు ఇదెందుకు పెట్టారా అనుకున్నాను. కంట్రోల్ డీఎన్‌ఏ మీద రెండు ప్రమోటర్లు (ఎంజైమ్ చదవడం మొదలుపెట్టే చోట్లు) ఉన్నాయి, ఒకటి ఈ.కోలై ఎంజైమ్‌కు, ఒకటి టీ7 ఎంజైమ్‌కు. వెలిగే ఆర్‌ఎన్‌ఏ మాత్రం రెంటికీ ఒకటే. జీపీ2 రెండో బ్యాచ్‌ను మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి తయారుచేసింది. ఈ.కోలై ఎంజైమ్‌తో గీత చక్కగా పడుకుంది. నేను సంబరపడుతుంటే తను పక్క వరుస చూపించి, "అక్కా, టీ7 కూడా ఆగిపోయింది" అంది.

అలా ఆగకూడదు. హోస్ట్ ఎంజైమ్‌ను ఆపడానికి టీ7 వదిలే జీపీ2 దాని సొంత ఎంజైమ్‌ను ఆపదు. జీపీ2 పట్టుకునే దవడ టీ7 పాలిమరేజ్‌లో అసలే లేదు. అంటే ఆగింది ట్రాన్స్‌క్రిప్షన్ కాదు, తయారైన ఆర్‌ఎన్‌ఏ తయారైనట్టే ముక్కలైపోతోంది. ప్లాస్మిడ్ ప్రిప్‌లు చేసే బెంచ్ మీది పిపెట్‌నే ఆ శుద్ధికి వాడారు. ప్లాస్మిడ్ ప్రిప్‌ల బఫర్‌లో ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఆర్‌ఎన్‌ఏస్ ఏ అనే ఎంజైమ్ ఉంటుంది. అది కాస్తంత అంటుకున్నా చాలు. ఆ ట్యూబు లేకపోతే ఆర్‌ఎన్‌ఏస్‌ను గొప్ప నిరోధకం అనుకుని ఎంత దూరం వెళ్లేవాళ్లమో. కొత్త బ్యాచ్, వేరే పిపెట్లు, వేరే బెంచ్. ఈసారి ఈ.కోలై గీత పడుకుంది, టీ7 గీత నిటారుగా లేచింది. కాగితంలో ఈ ట్యూబు గురించి ఒక్క వాక్యమే ఉంది, అదీ "ఐచ్ఛికం" అని. ఐచ్ఛికం కాదు, ప్రతి ప్లేటులో ఉండాల్సిందే.

జీపీ2ను తయారుచేయడం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. హోస్ట్ పాలిమరేజ్‌ను చంపే ప్రోటీన్‌ను అదే హోస్ట్‌లో ఎలా చేయిస్తాం? మేం జీపీ2 జన్యువును బీఎల్21 డీఈ3 అనే ఈ.కోలై కణాల్లో టీ7 ప్రమోటర్ కింద పెట్టాం. జీపీ2 ఎంత తయారైనా టీ7 పాలిమరేజ్ పని ఆగదు. చిక్కేమిటంటే, ఆ కణాల్లో టీ7 పాలిమరేజ్ జన్యువును చదివేది హోస్ట్ ఎంజైమే. జీపీ2 పెరిగేకొద్దీ కొత్త టీ7 పాలిమరేజ్ రావడం తగ్గిపోతుంది, ఉన్నదాంతోనే సరిపెట్టుకోవాలి. ఐపీటీజీ (తయారీని మొదలుపెట్టించే రసాయనం) వేయకముందే జీపీ2 కొంచెం లీకైనా కాలనీలు చుక్కల్లా ఉండిపోతాయి. పీలైస్‌ఎస్ ప్లాస్మిడ్ పెట్టి, ప్లేట్లలో 1 శాతం గ్లూకోజ్ వేశాక గానీ మాకు మామూలు కాలనీలు రాలేదు. పీలైస్‌ఎస్ నుంచి వచ్చే టీ7 లైసోజైమ్ కూడా ఒక పాలిమరేజ్ నిరోధకమే, కాకపోతే అది అదుపు చేసేది టీ7 సొంత పాలిమరేజ్‌ను.

ఇక ఆసియా. అసలు కష్టమంతా ఇక్కడ పడ్డాను.

ఆసియా దవడ జోలికి వెళ్లదు. సిగ్మా 70లో నాలుగో భాగాన్ని పట్టుకుని దాని ఆకారాన్నే మార్చేస్తుంది. మామూలుగా ఆ నాలుగో భాగం ప్రమోటర్‌లోని మైనస్ 35 పెట్టెను (చదవడం మొదలయ్యే చోటికి సుమారు 35 అక్షరాల ముందున్న గుర్తును) గుర్తిస్తుంది. ఆసియా పట్టుకున్నాక గుర్తించలేదు. పుస్తకాల ప్రకారం మా గీత పడుకోవాలి. పడుకోలేదు. వరుస మార్చాం, లేదు. పదింతలు వేశాం, ఇరవై ఇంతలు వేశాం, లేదు. ప్రోటీన్ పాడైందేమో అని మళ్లీ తయారుచేశాం. మాస్ స్పెక్‌లో బరువు సరిగ్గానే ఉంది. నేటివ్ జెల్‌లో సిగ్మాతో కలిసి బ్యాండ్ జరుగుతోంది, అంటే పట్టుకుంటోంది. అయినా గీత మాత్రం లేస్తూనే ఉంది. మూడు వారాలు. ఆ టెన్షన్‌లో నాకు సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

చివరికి కంట్రోల్ టెంప్లేట్ సీక్వెన్స్ పంపమని కంపెనీకి రాశాను. కాగితంలో అది లేదు. "బలమైన సిగ్మా 70 ప్రమోటర్" అన్న మాట తప్ప ఏమీ లేదు. రెండో ఉత్తరానికి పంపారు. ప్రింట్ తీసి, పెన్సిల్ పట్టుకుని వెనక నుంచి చదువుకుంటూ వచ్చాను. మైనస్ 10 పెట్టె, టీఏటీఏఏటీ, కనిపించింది. దానికి ముందు ఒక అక్షరం. ఆ అక్షరానికి ముందు టీజీ. ఆ రెండు అక్షరాల చుట్టూ సున్నా చుట్టి, ఇంకా వెనక్కి వెళ్లి మైనస్ 35 దగ్గర టీటీజీఏసీఏ లాంటిది ఏమన్నా ఉందా అని వెతికాను. పోలిక ఉన్నది ఏదీ లేదు.

అది ఎక్స్‌టెండెడ్ మైనస్ 10 ప్రమోటర్. ఆ టీజీని సిగ్మా మూడో భాగం పట్టుకుంటుంది. అలాంటి ప్రమోటర్‌కు మైనస్ 35తో, నాలుగో భాగంతో పనే లేదు. ఆసియా నాలుగో భాగాన్ని పూర్తిగా కట్టేసినా అక్కడ ట్రాన్స్‌క్రిప్షన్ సాగుతుంది. మూడు వారాలుగా మా ప్రోటీన్ తన పని తాను చేస్తూనే ఉంది. దాని పని కనిపించని చోట మేం దాన్ని చూస్తున్నాం.

మైనస్ 35 పెట్టె ఉన్న లాక్‌యూవీ5 ప్రమోటర్ పెట్టి కొత్త టెంప్లేట్ చేయించాం. ఈసారి గీత సగానికి తగ్గింది కానీ పూర్తిగా పడుకోలేదు. దానికీ కారణం ఉంది. ఆసియా విడిగా ఉన్న సిగ్మాను చటుక్కున పట్టుకుంటుంది, అప్పటికే కోర్ ఎంజైమ్‌తో కలిసిపోయిన సిగ్మాను పట్టుకోవడం దానికి కష్టం. కిట్‌లో రెండూ ముందే కలిపి ఇస్తారు. అందుకని కోర్ ఎంజైమ్‌ను విడిగా తెప్పించి, మేం శుద్ధి చేసుకున్న సిగ్మా 70తో ఆసియాను పది నిమిషాలు కలిపి ఉంచి, ఆ తర్వాత కోర్ కలిపాం. లాక్‌యూవీ5 మీద గీత నేలకు అంటుకుంది. పక్క వరుసలో అదే మిశ్రమం, కిట్ ఇచ్చిన కంట్రోల్ టెంప్లేట్ మీద. అక్కడ గీత ఎప్పటిలాగే లేచింది. మూడు వారాలు నన్ను ఏడిపించిన ఆ టెంప్లేటే ఇప్పుడు నాకు సాక్ష్యం చెప్పింది. ఒకే ఎంజైమ్, ఒకే ప్రోటీన్, ఒక ప్రమోటర్ మీద ఆగి ఇంకో ప్రమోటర్ మీద నడుస్తోంది. ఈ మూడు నెలల్లో నాకు బాగా తృప్తినిచ్చిన ప్లేటు అదే.

ఆ ప్లేటు చూశాకే టీ7, టీ4 దారులు ఎంత వేరో నాకు మనసుకు పట్టింది. టీ7 దగ్గర సొంత యంత్రం ఉంది, అందుకే హోస్ట్ యంత్రాన్ని మూసేస్తుంది. టీ4కు సొంత పాలిమరేజ్ లేదు. మొదటి నిమిషం నుంచి కణం పగిలేదాకా హోస్ట్ ఎంజైమ్‌తోనే గడపాలి. కాబట్టి దాన్ని పాడుచేయదు, దాని చూపు మళ్లిస్తుంది. ఆసియా మైనస్ 35ను మరిపిస్తుంది, ఆ ఖాళీలో మోట్‌ఏ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి టీ4 మధ్యకాలపు ప్రమోటర్లను చూపిస్తుంది. తర్వాత జీపీ55 అనే సొంత సిగ్మా వస్తుంది. ఆల్క్ అనే ప్రోటీన్ అయితే సైటోసిన్ ఉన్న డీఎన్‌ఏ మీద నడుస్తున్న పాలిమరేజ్‌ను మధ్యలో దింపేస్తుంది. టీ4 తన డీఎన్‌ఏలో సైటోసిన్ బదులు హైడ్రాక్సీమీథైల్ సైటోసిన్ వాడుతుంది కాబట్టి దానికి ఏ నష్టమూ లేదు. ఇంత ఆలోచనగా అల్లిన పనిని "హోస్ట్ షటాఫ్" అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మిగతా విషయాలు చకచకా. ఎంజైమ్ 50 శాతం గ్లిసరాల్‌లో వస్తుంది, మైనస్ 20లో గడ్డకట్టదు, మూడు నెలల్లో శక్తి తగ్గినట్టు నాకు కనిపించలేదు. పిపెట్ చేసేటప్పుడు చివర అంటుకుపోతుంది, మెల్లగా తీయండి. 50 రియాక్షన్లు అన్నారు. 384 గుంటల ప్లేటులో సగం పరిమాణంతో చేస్తే వందకు దగ్గరగా వచ్చాయి, గీతల నాణ్యత తగ్గలేదు. రంగును వెలుతురులో ఉంచకండి. మీరు పరీక్షించే ప్రోటీన్ బఫర్‌లో ఈడీటీఏ ఉంటే ముందే డయాలిసిస్ చేసుకోండి. అది మెగ్నీషియంను లాగేసుకుంటే ఎంజైమూ పనిచేయదు, బ్రోకలీ కూడా ముడుచుకోదు. ఉప్పు విషయంలో కాగితం సరిగ్గానే ఉంది.

వేరే బాక్టీరియా ఫేజ్‌ల మీద పనిచేసేవాళ్లకు ఇది పనికిరాదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ ఫేజ్ జీ1 నుంచి వచ్చే జీపీ67 పట్టుకునేది ఆ బాక్టీరియాకు చెందిన సిగ్మా ఏ అనే ప్రోటీన్‌ను. వరిలో బాక్టీరియా ఆకు ఎండు తెగులు తెచ్చే క్సాంథోమోనాస్ ఒరైజేను పట్టే ఎక్స్‌పీ10 ఫేజ్‌కు పీ7 అనే ప్రోటీన్ ఉంది. దానికీ తన హోస్ట్ పాలిమరేజే కావాలి. అలాంటివాళ్లు ఎంజైమ్‌ను సొంతంగా శుద్ధి చేసుకోక తప్పదు. కావాలంటే రంగు, టీ7 ట్యూబు మాత్రం ఇందులోంచి వాడుకోవచ్చు.

కంపెనీకి నేను పంపిన ఉత్తరంలో మూడు అడిగాను. టెంప్లేట్ సీక్వెన్స్‌ను కాగితం మీదే అచ్చు వేయమని, కోర్, సిగ్మా విడివిడిగా ఇచ్చే ఒక రకం పెట్టమని, జీపీ2 పట్టుకోలేని ఉత్పరివర్తన ఎంజైమ్‌ను చిన్న ట్యూబులో చేర్చమని. బీటా ప్రైమ్‌లో 1188వ స్థానంలోని గ్లుటమిక్ ఆమ్లం లైసిన్‌గా మారితే చాలు, జీపీ2కు పట్టు చిక్కదు. మేం దాన్ని సొంతంగా చేసుకున్నాం, రెండు వారాలు పట్టింది. వాళ్లు ఇస్తే ఎంతోమందికి ఆ రెండు వారాలు మిగులుతాయి. మొదటిది తర్వాతి ముద్రణలో చేరుస్తామని జవాబు వచ్చింది. మిగతా రెంటి గురించి ఇంకా ఏమీ చెప్పలేదు.

రెండో కిట్‌కు ఆర్డర్ పెట్టాం, కోర్ ఎంజైమ్ విడిగా. మైనస్ 30 దగ్గర మోట్‌ఏ పెట్టె ఉన్న టెంప్లేట్ నిన్ననే వచ్చింది. సీక్వెన్స్ ప్రింట్ తీసి, ఎక్కడైనా టీజీ ఉందేమో ముందే చూసుకున్నాను.